ఆటోహాట్‌కీ రివ్యూ: కోఠి మందుల షాపుల 3,800 ఐటమ్‌లు దీనితోటే కొట్టించిన

ముందే చెప్తున్న, నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కాదు. కోఠి ఇసామియా బజార్ల ఒక మందుల హోల్‌సేల్ షాపుల లెక్కలు చూస్త, బిల్లింగ్ చూస్త, ప్రింటర్ల పేపర్ ఇరికితే అది కూడా నేనే చూస్త. 98ల అమీర్‌పేటల ఫాక్స్‌ప్రో (డాస్ కాలంల లెక్కల సాఫ్ట్‌వేర్‌లు చేసే ప్రోగ్రామ్) కోర్సు చేసిన, గంతే నా కంప్యూటర్ చదువు. అందుకని ఈ రివ్యూ హైటెక్ సిటీ వాళ్ల కోసం కాదు, నాలెక్క పాత సాఫ్ట్‌వేర్ ముందు కూసొని పొద్దంతా అవే నాలుగు కీలు కొట్టేటోళ్ల కోసం. స్టార్లు అడిగితే అయిదుకి నాలుగు. ఆ ఒక్కటి ఎందుకు కోసిననో చదువుతుంటే మీకే సమజైతది, అండ్ల తప్పు దాని కన్నా నాదే ఎక్కువ, అయినా కోస్త.

ఆటోహాట్‌కీ అంటే ఏం లేదు, మన బదులు కీబోర్డ్ కొట్టే ప్రోగ్రామ్. విండోస్‌ల మాత్రమే నడుస్తది. పైసా ఖర్చు లేదు, ఓపెన్ సోర్స్, 2003 నుంచి ఉంది, ఫైల్ కూడా చిన్నదే, మన షాపు నెట్ స్పీడ్‌కి కూడా చాయ్ తాగొచ్చేలోపు దిగుతది. ఒక నోట్‌ప్యాడ్ ఫైల్‌ల "ఈ విండో తెరువు, ఇది టైప్ చెయ్యి, ఎంటర్ కొట్టు, అర సెకను ఆగు" అని వరుసగా రాసి పెడ్తే అట్లనే చేస్తది, ఆ ఫైల్‌నే స్క్రిప్ట్ అంటరు. నడుస్తున్నప్పుడు కింద గడియారం పక్కన పచ్చ డబ్బల హెచ్ అక్షరం కనబడ్తది. ఇన్‌స్టాల్ అయితే దీనికి పెద్ద స్క్రీన్ ఏదో వస్తదని ఎదురుచూడకండి, రాదు, నేను మొదటిరోజు ఇన్‌స్టాల్ కాలేదనుకొని మూడుసార్లు ఇన్‌స్టాల్ చేసిన.

ఇంతకీ నాకు దీనితో ఏం పని పడ్డదంటే, జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ మీటింగ్‌ల మందుల మీద 12 శాతాన్ని 5 చేసిన్రు, 22 నుంచి అమలు. జనాలకి మంచిదే, నేనేం అంటలేను. కానీ మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎప్పటిదో ఫాక్స్‌ప్రోల చేసింది, దాంట్ల ఐటమ్ మాస్టర్‌ల, అంటే మందుల లిస్టుల, ఒక్కో మందుకి ట్యాక్స్ విడిగా ఉంటది, అన్నిటికీ ఒక్కసారే మార్చే బటన్ లేదు, ఎక్సెల్ నుంచి లాగే ఆప్షన్ లేదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చినాయనకి ఫోన్ చేస్తే ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఫీజు) కట్టండి, అప్పుడు అప్‌డేట్ చూద్దాం అన్నడు, ఏఎంసీ రేటు చెప్పినంక మా సేటు ఫోన్ నా చేతిల పెట్టి లోపలికి పోయిండు.

మా దగ్గర హెచ్ఎస్ఎన్ 3004 (జీఎస్టీల మందులకి ఉండే సరుకు కోడ్) కింద 3,800 ఐటమ్‌లు. ఒక్కోటి తెరిచి మార్చి సేవ్ చేసుడు ఎంత గబగబా చేసినా 20 సెకన్లు. లెక్కేయండి, 21 గంటలు పైన పడ్తది. సరే రోజుకి కొంచెం చేద్దామా అంటే అట్ల కుదరదు, 21 తారీఖు సాయంత్రం దాకా కొట్టిన బిల్లు 12 తోనే పోవాలె, 22 పొద్దున మొదటి బిల్లు 5 తో పోవాలె. అంటే అంతా ఒక్క రాత్రిల అయిపోవాలె, ఆ రాత్రి ఏది, ఎంగిలిపూల బతుకమ్మ. ఇంట్ల పరిస్థితి ఏముంటదో మీకు చెప్పనక్కర్లేదు.

నేరుగా ఆటోహాట్‌కీకి రాలేదు నేను. మొదట ఎక్సెల్‌లనే సెండ్‌కీస్ అని ఒకటి ఉంటది మాక్రోలల్ల, దానితోటి మొదలుపెట్టిన. కంట్రోల్‌కి ^, ఆల్ట్‌కి %, షిఫ్ట్‌కి +, ఎంటర్‌కి ~ అని గుర్తులు. చిన్న పనికి నడుస్తది, కానీ అది నడిచినప్పుడల్లా నమ్‌లాక్ లైట్ ఆరిపోయేది, మా కౌంటర్ పిల్లగాడు పక్కనున్న నంబర్ ప్యాడ్ మీద క్వాంటిటీ కొడ్తే అంకెలు పడకుండా కర్సర్ ఎటో ఉరుకుడు, వాడు కీబోర్డ్ పోయిందని కొత్తది కొనుక్కొస్త అని బయల్దేరిండు. ఇది నా మిషన్ ఒక్కదాని రోగం అనుకున్న, తర్వాత వెతికితే సెండ్‌కీస్‌కి ఇది పాత జబ్బే అని తెల్సింది.

మా బావమర్ది మాదాపూర్ల పనిచేస్తడు, వాడు పైథాన్ భాషల రాయి, దాంట్ల కీలు కొట్టే పైఆటోజీయూఐ అనే లైబ్రరీ ఉంది అన్నడు. అది కూడా మంచిదే, ఒక విషయంల ఆటోహాట్‌కీ కన్నా నాకు బాగా నచ్చింది, మౌస్‌ని స్క్రీన్ మూలకి తోస్తే చాలు అంతా ఆగిపోతది, భయమైనప్పుడు చెయ్యి ఆటోమేటిక్‌గా మౌస్ మీదికే పోతది కదా, ఎవరు పెట్టిన్రో గాని మనిషి భయాన్ని తెల్సినోళ్లు. కాకపోతే చెప్పిన ప్రతి కమాండ్‌కి 0.1 సెకను ఆగుడు దాని డీఫాల్ట్, మార్చుకోవచ్చు అనుకోండి, కానీ షాపు మిషన్‌ల పైథాన్ ఎక్కించి, లైబ్రరీలు ఎక్కించి, రేపు నేను లీవ్ పెడ్తే ఎవరు చూడాలె. వాడే ఇంట్ల లినక్స్ వాడ్తడు, అక్కడ ఎక్స్‌డూటూల్ అని ఇంకోటి ఉంటదంట, లినక్స్‌ల విండోలు చూపించే పాత ఎక్స్ సిస్టమ్ మీద మస్తు నడుస్తది గాని దాని బదులు కొత్త వేలాండ్ వచ్చినంక దాని ఆట బంద్, వైడూటూల్ అని వేరేది పెట్టుకోవాలె అని ఒక గంట చెప్పిండు. నాకు దాంతో పని లేదు గాని మీల ఎవరికన్నా పనికొస్తదని రాసిన.

ఇప్పుడు అసలు ఇది ఎట్ల పనిచేస్తదో నాకు అర్థమైనంత చెప్తా, ఇది తెల్వకుంటే మీరు కూడా నాలెక్కనే మునుగుతరు. మా కౌంటర్ మీద బార్‌కోడ్ స్కానర్ ఉంది. అది కంప్యూటర్ లెక్కల కీబోర్డే. డబ్బా మీద గీతలు చదివి ఆ 13 అంకెలు గబగబా టైప్ చేసి చివర్ల ఎంటర్ కొడ్తది, అంతకుమించి దానికేం తెల్వదు. బిల్లింగ్ తెరిచి ఉంటే బిల్లింగ్‌ల పడ్తయి, వాట్సాప్ తెరిచి ఉంటే వాట్సాప్‌ల పడ్తయి, మా పిల్లగాడు ఒకసారి వాళ్ల క్రికెట్ గ్రూప్‌ల పారాసిటమాల్ బార్‌కోడ్ పంపిండు. ఆటోహాట్‌కీ కూడా అంతే, కాకపోతే వైరు లేదు. విండోస్‌ల సెండ్ఇన్‌పుట్ అని ఒక ఫంక్షన్ ఉంది, దానికి "ఫలానా కీ కిందికి పోయింది, ఫలానా కీ పైకి లేచింది" అని చెప్తే, అసలు కీబోర్డ్ నుంచి వచ్చే వరుసల్నే వాటిని కూడా కలిపేస్తది. నొక్కుడు ఒకటి, వదులుడు ఒకటి, రెండూ విడివిడి. పెద్ద అక్షరం ఒక్కటి కొట్టాలన్నా షిఫ్ట్ కిందికి, అక్షరం కిందికి, అక్షరం పైకి, షిఫ్ట్ పైకి, మొత్తం నాలుగు. స్క్రిప్ట్ మధ్యల తెగిపోతే ఆ "పైకి" అనేది పోకుండా కంట్రోల్ నొక్కినట్టే ఉండిపోతది, అప్పుడు మీరేం కొట్టినా ఏదో ఒక షార్ట్‌కట్ అయితది. దయ్యం పట్టిందనుకోకండి, కీబోర్డ్ మీద కంట్రోల్‌ని ఒక్కసారి నొక్కి వదలండి, దిగుతది.

ఇంకొకటి. ఈ కీలు ఎవరికి పోతయంటే ఆ క్షణంల ముందున్న విండోకి. వెనక ఉన్న విండోకి పంపే మార్గం కూడా ఉంది, కంట్రోల్‌సెండ్ అంటరు, అది కీబోర్డ్ వరుసల వెయ్యదు, నేరుగా ఆ విండోకి మెసేజ్ వేస్తది. ఇంటికి పోయి తలుపు కొట్టకుండా కిటికీల నుంచి చీటీ ఏసినట్టు. కొన్ని ప్రోగ్రామ్‌లు ఆ చీటీ తీసుకుంటయి, చాలావరకి పట్టించుకోవు, ఎందుకంటే షిఫ్ట్ నొక్కి ఉందా లేదా అని వాళ్లు విండోస్‌ని అడిగితే లేదు అనే జవాబు వస్తది, చీటీ ఏసినంత మాత్రాన కీబోర్డ్ మారదు కదా. మా ఫాక్స్‌ప్రో సాఫ్ట్‌వేర్ అసలు తీసుకోలే. అందుకని ముందు విండో పద్ధతే గతి, అది నడుస్తున్నంతసేపు ఆ మిషన్ మీద ఇంకెవరూ చెయ్యి పెట్టొద్దు. స్క్రీన్ లాక్ అయినా నడవదు. కంట్రోల్ ఆల్ట్ డిలీట్ మాత్రం దీనితోటి కొట్టించలేరు, విండోస్ దాన్ని నిజం చేతికే వదిలిపెట్టింది, ఉండాలె కూడా అట్ల.

ఇగ నా కష్టాలు. స్క్రిప్ట్ రాసుడు నాకు ఒక సాయంత్రం పట్టింది, రాసినంక నోట్‌ప్యాడ్‌ల ట్రై చేస్తే వేళ్లకి నూనె రాసినట్టు కొడ్తుంది. బిల్లింగ్‌ల పెడ్తే ఏం లేదు. ఒక్క అక్షరం పడదు. ఎర్రర్ రాదు, బీప్ రాదు, పచ్చ హెచ్ మాత్రం నడుస్తున్న అన్నట్టే ఉంటది. రెండు గంటలు నా కోడ్‌ల తప్పు వెతికిన. చివరికి తెల్సింది ఏందంటే మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఎప్పుడో పెట్టినాయన రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని టిక్ పెట్టి పోయిండు, నా స్క్రిప్ట్ మామూలుగా నడుస్తుంది. విస్టా అనే వెర్షన్ వచ్చినప్పటి నుంచి విండోస్‌ల కింది స్థాయి ప్రోగ్రామ్ పై స్థాయి ప్రోగ్రామ్‌కి కీలు పంపలేదు, యూఐపీఐ అంటరు, ఏ చిల్లర ప్రోగ్రామ్ పడ్తే అది అడ్మిన్ విండోల టైప్ చెయ్యకుండా. మంచి కట్టుబాటే. కానీ ఆపినప్పుడు ఆపిన అని చెప్పాలె కదా, చెప్పదు, ఫంక్షన్ తిరిగిచ్చే జవాబుల కూడా ఈ కారణం తెల్వదు అని మైక్రోసాఫ్ట్ వాళ్ల డాక్యుమెంట్‌లనే రాసి ఉంది. స్క్రిప్ట్‌ని కూడా అడ్మిన్‌గా నడిపిన, పడ్డయి. ఈ ఒక్క లైన్ కోసమే ఈ రివ్యూ చదివినా మీకు రెండు గంటలు మిగిలినట్టే.

తర్వాత స్పీడ్ లొల్లి. దీంట్ల కొత్త వెర్షన్ 2 మామూలుగా సెండ్ఇన్‌పుట్ వాడ్తది, అది మొత్తం అక్షరాలని ఒకేసారి గుమ్మరిస్తది, మన పాత సాఫ్ట్‌వేర్ మింగలేక మధ్యల కొన్ని వదిలేస్తది. "సెండ్‌ఈవెంట్"కి మారి సెట్‌కీడిలే పెంచుకుంటే ఒక్కో కీకి మధ్యల గ్యాప్ ఇచ్చుకుంట కొడ్తది. డీఫాల్ట్ 10 మిల్లీసెకన్లు, నేను 40 పెట్టిన. గమ్మత్తేందంటే సెట్‌కీడిలే సెండ్ఇన్‌పుట్ మీద పనిచెయ్యదు, నేను అది తెల్వక 40, 80, 200 అని పెంచుకుంట పోయిన, దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

వెర్షన్ అన్న కాబట్టి చెప్తున్న, వెర్షన్ 2 పక్కాగా 2022 డిసెంబర్‌ల వచ్చింది, రాసే పద్ధతి చానా మారింది. నెట్‌ల దొరికే రెడీమేడ్ స్క్రిప్ట్‌లు, వీడియోలు సగానికి పైన పాత వెర్షన్ 1వి. అవి కాపీ కొట్టి పెడ్తే మొదటి లైన్‌లనే తిడ్తది. కొత్తగా మొదలుపెట్టేటోళ్లు 2 తోనే మొదలుపెట్టండి, వీడియో చూసేముందు ఏ వెర్షనో చూడండి. దీని హెల్ప్ పేజీలు మాత్రం బంగారం, నా అసువంటి ఇంగ్లీష్‌కి కూడా అర్థమైనయి.

ఇగ అసలు రాత్రికి వస్తున్న. ఆదివారం, సెప్టెంబర్ 21. బిల్లింగ్ బంద్ చేసి, బ్యాకప్ తీసి (ఈ ఒక్కటి నేను తెలివిగ చేసిన పని), కీబోర్డ్ మీద చెయ్యి పెట్టొద్దు అని తెల్ల టేప్ మీద రాసి అతికించి, తొమ్మిదింటికి స్టార్ట్ చేసిన. మా సాఫ్ట్‌వేర్‌ల డాస్ కాలం అలవాటు, ట్యాబ్ కాదు, ఎంటర్ కొడ్తే తర్వాతి గడికి పోతది. ఐటమ్ కోడ్ కొట్టు, ఎంటర్, ఐటమ్ తెరుచుకుంటది, పేరు మీద ఉంటది కర్సర్. నాలుగు ఎంటర్లు, పేరు, కంపెనీ, ప్యాకింగ్, డిస్కౌంట్ దాటి ట్యాక్స్ మీదికి వస్తది. 5 కొట్టు, సేవ్. ఒక్కోటి సెకనున్నర. ముందురోజు ఇరవై ఐటమ్‌ల మీద ట్రై చేసిన, ఇరవైకి ఇరవై కరెక్ట్. గంటన్నర పైన కొంచెం పట్టింది, స్క్రీన్ మీద మందుల పేర్లు సినిమా చివర పేర్లు పోయినట్టు పోతున్నయి, సేటు కుర్చీ ఏసుకొని చూస్తుండు, "ఏ తో జాదూ హై" అన్నడు. పదకొండు లోపల ఇంటికి పోయిన, సత్తుపిండి మిగిలితే తిన్న.

సోమవారం పొద్దున పదింటి నుంచి ఫోన్లు. అన్నా ట్యాక్స్ 12 పడ్డది ఏంది, ఇయ్యాల్టి నుంచి 5 కదా. ఒకటి, రెండు, పదకొండు మంది. తెరిచి చూస్తే కొన్ని ఐటమ్‌లల్ల ట్యాక్స్ 12 అట్లనే ఉంది, దాని పైన డిస్కౌంట్ గడిల 5 కూసుంది. అంటే ఆ ఐటమ్‌లకి అయిదు శాతం డిస్కౌంట్ ఇచ్చుకుంట బిల్లులు పోయినయి పొద్దటి నుంచి. హోల్‌సేల్‌ల మా మార్జినే 8, 10 శాతం, అండ్ల 5 పోతే ఏం మిగుల్తది, ట్రాన్స్‌పోర్ట్‌కి కూడా రాదు. ఇక్కడ ఒక మాట చెప్పాలె, ట్యాక్స్ ఎక్కువ పడ్డదని పదకొండు మంది ఫోన్ చేసిన్రు, డిస్కౌంట్ ఎక్కువ పడ్డదని ఒక్కడు చెప్పలే.

ఏమైందంటే, ఏ ఐటమ్‌ల ఎక్స్‌పైరీ స్టాక్ గాని, ఎక్స్‌పైరీ దగ్గరికొచ్చిన స్టాక్ గాని ఉంటే మా సాఫ్ట్‌వేర్ అది తెరవంగనే చిన్న బాక్స్ చూపిస్తది, ఓకే అని ఒక్క బటన్. మనిషైతే చూస్తడు, ఓకే కొడ్తడు, పని చేసుకుంటడు. నా స్క్రిప్ట్‌కి కండ్లు లేవు. నాలుగు ఎంటర్లల్ల మొదటిది ఆ బాక్స్ తినేసింది, మిగిలిన మూడుతోటి డిస్కౌంట్ దగ్గరే ఆగింది, అక్కడ 5 కొట్టి సేవ్ చేసి నిశ్చింతగ తర్వాతి దానికి పోయింది. అట్లాంటివి 212. నేను ట్రై చేసిన ఇరవైల అసువంటిది ఒక్కటి లేదు.

అప్పుడు నాకు ఫాక్స్‌ప్రో యాదికొచ్చింది. దాంట్ల కూడా కీబోర్డ్ అనే కమాండే ఉండె, ప్రోగ్రామ్ లోపల్నుంచే కీలు కొట్టించొచ్చు, మా సార్ బోర్డు మీద రాసి చూపెట్టిండు. ఆ కాలంల డాస్ మీద కీబోర్డ్ బఫర్‌ల పట్టేవి 15 కీలు, నిండితే టీక్ టీక్ అని మొత్తుకునేది. కానీ అప్పుడు ఒక టైముకి ఒక్కటే ప్రోగ్రామ్, ఒక్కటే స్క్రీన్, మధ్యల ఎవడొచ్చి నిలబడ్తడు. గుడ్డిగ కొట్టినా నడిచింది. ఇప్పుడు అట్ల కాదు, యాంటీవైరస్ బాక్స్ వస్తది, విండోస్ అప్‌డేట్ బాక్స్ వస్తది, వాట్సాప్ వస్తది, ఏది ముందుకొస్తే మన కీలు దాని నోట్లకే. నేను 98ల నేర్సుకున్న తీరుల 2025ల కొట్టించిన.

సోమవారం రాత్రి మల్ల కూసున్న. ఈసారి కొట్టేముందు చూసేటట్టు రాసిన. విన్‌వెయిట్‌యాక్టివ్ అని ఒకటి ఉంది, ఫలానా పేరున్న విండో ముందుకొచ్చేదాక ఆగుతది, ఇన్ని సెకన్లు ఆగు అని గుడ్డిగ చెప్పే స్లీప్ కన్నా వెయ్యి రెట్లు మేలు. ఆ ఎక్స్‌పైరీ బాక్స్ కనబడ్తే దానికి విడిగ ఒక ఎంటర్ కొట్టుమన్న. మంచి సాఫ్ట్‌వేర్ అయితే గడిల ఏముందో నేరుగ చదివే కమాండ్ కూడా ఉంది ఆటోహాట్‌కీల, దీనితోటి వచ్చే విండో స్పై పెట్టి చూస్తే ఒక్కో గడి పేరు చూపిస్తది. మా దాంట్ల చూపియ్యలే, ఫాక్స్‌ప్రో వాడు గడులన్నీ తనే బొమ్మలెక్క గీసుకుంటడు, విండోస్‌కి అవి విడిగ తెల్వనే తెల్వవు. అందుకని చుట్టూ తిరిగి పోవాల్సొచ్చింది, ట్యాక్స్ గడి మీదికి వచ్చినంక షిఫ్ట్ హోమ్ కొట్టి అంతా సెలెక్ట్ చేసి, కంట్రోల్ సీ కొట్టి, క్లిప్‌బోర్డ్‌ల ఏమొచ్చిందో చూసుడు. 12 వస్తే 5 కొట్టు. 5 వస్తే ముట్టుకోకు, ముందుకి పో. ఇంకేదన్నా వస్తే ముట్టుకోకుండ ఆ ఐటమ్ కోడ్ ఒక టెక్స్ట్ ఫైల్‌ల రాసిపెట్టు. ఇంకో చిన్నది, కాపీ కొట్టేముందు క్లిప్‌బోర్డ్ ఖాళీ చెయ్యాలె, లేకుంటే కాపీ కాకపోయినా పోయినసారి ఉన్న 12 నే చూసి అయ్యిందనుకుంటది. డిస్కౌంట్ గడికి కూడా అదే లెక్క, అక్కడ 5 కనబడ్తే తీసేసుడు, నిజంగ డిస్కౌంట్ ఉన్న ఐటమ్‌లు ఎక్సెల్‌ల ముందే పక్కకి పెట్టిన. ఇట్ల ఒక్కో ఐటమ్‌కి మూడు సెకన్లు అయ్యింది, మొత్తం 3 గంటల పైన. మొదటి రాత్రి ఇట్ల రాసుంటే గంటన్నర ఎక్కువ పట్టేది, మంగళవారం అంతా క్రెడిట్ నోట్లు (తప్పు పోయిన బిల్లుల్ని సరిచేసే చీటీలు) కొట్టుడు తప్పేది.

ఎస్కేప్ కొడ్తే ఆగిపోవాలె అని మొదటి లైన్‌లనే రాసుకోండి. నేను ఇది మొదటి రాత్రి కూడా రాసిన గాని, తప్పు జరుగుతున్నదని తెలిస్తేనే కదా ఎస్కేప్ కొట్టేది.

ఆ ఒక్క స్టార్ ఇందుకే కోసిన. ఇంత మంచి టూల్, పంపేదాని గురించి ఇన్ని పద్ధతులు పెట్టిన్రు, పంపింది అక్కడ పడ్డదా లేదా అని అదే ఒక ముక్క చెప్పదు. నిజానికి అది దాని చేతుల లేదు, విండోస్ చెప్తే కదా అది చెప్పేది, తెల్సు నాకు. అయినా క్రెడిట్ నోట్లు కొట్టినోడి బాధ కొట్టినోడికే తెలుస్తది.

రోజువారీ పనికి మాత్రం దీన్ని మించింది నాకు కనబడలే. హాట్‌స్ట్రింగ్ అని ఉంది, రెండు మూడక్షరాలు కొట్టి స్పేస్ నొక్కితే పెద్ద ముక్క మొత్తం వస్తది. మా 20బీ, 21బీ డ్రగ్ లైసెన్స్ నంబర్లు రోజుకి ఇరవైసార్లు ఎవరో ఒకరు అడుగుతరు, ఇప్పుడు రెండక్షరాలు. నల్గొండ, మహబూబ్‌నగర్ రిటైలర్లకి వాట్సాప్ వెబ్‌ల "అన్నా, మీ పార్సెల్ ట్రాన్స్‌పోర్ట్‌కి ఇచ్చినం, రేపు పొద్దున తీసుకోండి" అని తెలుగులనే పోతది. తెలుగు అక్షరాలకి కీబోర్డ్ లేఅవుట్ మార్చనక్కర్లేదు, యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకి తలా ఒక నంబర్ ఇచ్చే లెక్క) నంబర్‌నే కీలాగా పంపే పద్ధతి విండోస్‌ల ఉంది, ఇది అదే వాడ్తది. క్ష లాంటి ఒక్క అక్షరానికి లోపల మూడు కోడ్‌లు పోతయి, క, పొల్లు, ష, బయటికి వచ్చేసరికి కలిసి క్ష అయితయి. పాత వెర్షన్ 1ల ఫైల్‌ని యూటీఎఫ్-8 బీఓఎమ్ (ఇది యూనికోడ్ ఫైల్ అని మొదట్ల పెట్టే గుర్తు) తోటి సేవ్ చెయ్యకుంటే పిచ్చిగీతలు వచ్చేవి, 2ల ఆ బాధ లేదు. మా బిల్లింగ్‌ల మాత్రం తెలుగు కొడ్తే ప్రశ్న గుర్తులు పడ్తయి, దానికి యూనికోడ్ అంటేనే తెల్వదు, దాన్ని అనుడు దండగ.

స్క్రిప్ట్‌ని ఈఎక్స్ఈ, అంటే ఆటోహాట్‌కీ లేకున్నా నడిచే ప్రోగ్రామ్, చేసి ఇయ్యొచ్చు అని ఉంటది, నేనైతే వద్దంట. చేసి గోడౌన్ మిషన్‌ల పెడ్తే అక్కడున్న యాంటీవైరస్ దాన్ని దొంగ అని పట్టుకొని తీసేసింది. దాని తప్పు కూడా కాదు, మన కీలు కొట్టే దానికీ మన కీలు దొంగిలించే దానికీ వాడే సామాను దాదాపు ఒకటే. మామూలు స్క్రిప్ట్‌గనే ఉంచి ఆటోహాట్‌కీ ఇన్‌స్టాల్ చేసి నడుపుకోండి. పాస్‌వర్డ్‌లు అండ్ల రాయకండి, అది ఉత్త టెక్స్ట్ ఫైల్, ఎవడైనా తెరిచి చదువుకోవచ్చు. జీఎస్టీ పోర్టల్ మీద దీన్ని వాడుదామని కూడా చూడకండి, అక్కడ ఆఫ్‌లైన్ టూల్ ఉంది, జేసన్ అనే డేటా ఫైల్ అప్‌లోడ్ చేసేది ఉంది. దర్వాజా తెరిచి ఉన్నకాడ గోడ దుంకుడు ఎందుకు.

సాఫ్ట్‌వేర్‌తోటి కుదరకుంటే ఇంకో దారి ఉంది, మా షాపుకి దగ్గర్లనే గుజరాతీ గల్లీల చిన్న చిన్న బోర్డులు దొరుకుతయి, ఆర్డుయినో లియొనార్డో లాంటివి, రాస్ప్‌బెర్రీ పై పికో లాంటివి, యూఎస్‌బీల పెడ్తే కంప్యూటర్ దాన్ని నిజం కీబోర్డే అనుకుంటది, అడ్మిన్ గొడవ కూడా ఉండదు. బావమర్ది ఒకటి చేసిచ్చిండు, ఆడుకున్న. అది చూసినంక ఒకటి మాత్రం బంద్ చేసిన, ఎవరో మెడికల్ రిప్రజెంటేటివ్ ఫ్రీగ ఇచ్చే పెన్‌డ్రైవ్‌లు బిల్లింగ్ మిషన్‌కి పెట్టుడు, లోపల పెన్‌డ్రైవ్ ఉందో కీబోర్డ్ ఉందో బయట్నుంచి తెల్వదు.

సోమవారం రాత్రి సంగతి చెప్పుకుంట ఎటో పోయిన. పన్నెండున్నరకి అయిపోయింది, 212 కూడా సక్కగైనయి. ఆ టెక్స్ట్ ఫైల్ తెరిచి చూస్తే దాంట్ల ఒక్కటే లైన్. ఏదో పాత దగ్గు సిరప్, కంపెనీ కూడా బంద్ చేసింది దాన్ని, ఎక్స్‌పైరీ అయిన మూడు బాటిల్లు స్టాక్‌ల చూపిస్తున్నయి, అవి ఎక్కడున్నయో ఎవరికీ తెల్వదు. ట్యాక్స్ గడిల 21 అని ఉంది. జీఎస్టీల 21 అనే శ్లాబే లేదు. 12 కొట్టబోయి తిరగేసి కొట్టిన్రు, జీఎస్టీ వచ్చిన 2017 జూలైల, అప్పుడు కూడా ఐటమ్‌లన్నీ చేత్తోనే కొట్టినం. ఎవరు కొట్టిన్రో ఎంట్రీ పక్కన యూజర్ పేరు పడ్తది మా సాఫ్ట్‌వేర్‌ల. సేటు అడిగిండు ఎవరిదని. నాదే.